తెర వెనుక దరువు: అనంతపురం తోలుబొమ్మలాట - సంగీత ప్రధాన యానిమేషన్ లఘుచిత్రాలు: తులనాత్మక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1928 నుంచి 1957 వరకు అమెరికాలో వెలువడిన సంగీత ప్రధాన యానిమేషన్ లఘుచిత్రాలు నేటికీ ప్రేక్షకులను ఆకర్షిస్తున్నాయి. ఆ ఆకర్షణకు మూలం బొమ్మ ఒక్కటే కాదు, సంగీతం ఒక్కటే కాదు. బొమ్మ కదలికా సంగీతపు లయా ఒకే క్షణంలో కలవడమే దానికి మూలం. ఈ కలయిక తెలుగు నేలపై తోలుబొమ్మలాటలో శతాబ్దాలుగా ఉంది. వర్షాభావానికి పేరుపడ్డ అనంతపురం పీఠభూమిలో, ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో ఈ కళ నేటికీ నిలిచి ఉంది. బొమ్మ నిర్మాణం, దరువుల నడక, హాస్యపాత్రల ప్రవేశం, ప్రేక్షకుల అనుభవం అనే అంశాల ఆధారంగా ఈ రెండు కళారూపాలను పోల్చడం, తోలుతెర నుంచి రంగస్థలం మీదుగా తెలుగు వెండితెరకు సాగిన సామాజిక చరిత్రను గుర్తించడం, నేటి పరిరక్షణ ప్రయత్నాల్లో సంగీతం వెనుకబడుతున్న తీరును చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, నిమ్మలకుంట, దరువు, యానిమేషన్, కేతిగాడు, సురభి, అనంతపురం.

1. ఉపోద్ఘాతం:

1928లో వాల్ట్ డిస్నీ బృందం 'స్టీమ్‌బోట్ విల్లీ' అనే లఘుచిత్రం తయారీలో ఉన్నప్పుడు వారికి ఒక సందేహం కలిగింది. గీసిన బొమ్మ నోటి నుంచి, చేతి నుంచి శబ్దం వస్తున్నట్లు చూపితే ప్రేక్షకులు నమ్ముతారా? చిత్రంలో కొంతభాగం పూర్తికాగానే వారు ఒక చిన్న పరీక్ష చేశారు. తెల్లని దుప్పటిని తెరగా కట్టి దానిపై చిత్రాన్ని ప్రదర్శించారు. చిత్రకారుల్లో ఒకరు నోటితో ఊదే హార్మోనికా వాయించారు. మరికొందరు గిన్నెలు, పళ్లేలు మోగిస్తూ తెరపై కదలికకు అనుగుణంగా శబ్దాలు చేశారు. చూస్తున్నవారు వారి కుటుంబసభ్యులే. బొమ్మ ఎగిరినప్పుడే ధ్వని వినిపించడంతో వారికి నమ్మకం కుదిరింది.

యానిమేషన్ చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే ఈ సంఘటన రాయలసీమ పల్లెల్లో తోలుబొమ్మలాట చూసినవారికి కొత్తగా తోచదు. తెల్లని బట్ట, దానిపై కదిలే బొమ్మలు, కంటికి కనిపించని వాద్యకారులు, కదలికతోపాటే పుట్టే శబ్దం. ఇవన్నీ వారికి చిరపరిచితాలు. రెండు కళారూపాల మధ్య ప్రత్యక్ష సంబంధం ఉందని ఈ పోలిక నిరూపించదు. కాని రెండింటి ఆకర్షణకూ ఒకే సూత్రం ఆధారంగా ఉందని సూచిస్తుంది. ఆ సూత్రాన్ని తోలుబొమ్మలాట వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం చేపట్టిన పని.

2. పూర్వ పరిశోధనలు - వ్యాస పరిధి:

తోలుబొమ్మలాటపై తెలుగులోనూ ఆంగ్లంలోనూ గణనీయమైన పరిశోధన జరిగింది. మొదలి నాగభూషణశర్మ ఈ కళను ఆంధ్రుల ఛాయానాటక రంగంగా గుర్తించి ప్రత్యేక గ్రంథం రచించారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తెలుగువారి జానపద కళారూపాలను సమగ్రంగా పరిచయం చేస్తూ దీనికి తగిన స్థానం కల్పించారు. జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ ప్రదర్శన నిర్మాణం దృష్ట్యా దీనిపై సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఈ పరిశోధనల్లో కథావస్తువు, బొమ్మల తయారీ, కళాకారుల సామాజిక నేపథ్యం విస్తృతంగా చర్చకు వచ్చాయి. బొమ్మకూ లయకూ ఉన్న సంబంధాన్ని చలనచిత్ర కళతో పోల్చి చూడవలసిన అవసరం మాత్రం మిగిలి ఉంది.

'సినిమాకు తల్లి తోలుబొమ్మలాటే' అనే మాట సభల్లో తరచుగా వినిపిస్తుంది. సాంకేతిక చరిత్ర దృష్ట్యా ఈ మాటను యథాతథంగా స్వీకరించడం కష్టం. చలనచిత్ర యంత్రం ఐరోపా, అమెరికాల్లో ఛాయాచిత్ర కళ, మాంత్రిక దీపం వంటి వేరే మార్గాల నుంచి రూపొందింది. అందువల్ల వంశక్రమాన్ని నిరూపించడానికి కాక, రెండు కళల లయ వ్యాకరణాన్ని పోల్చడానికే ఈ వ్యాసం పరిమితమవుతుంది. తెలుగు నేలపై తోలుబొమ్మలాటకూ సినిమాకూ నడుమ నిజంగా నడిచిన సామాజిక బాట ఒకటి ఉంది. దానిని విడిగా 7వ విభాగంలో పరిశీలించడం జరిగింది.

3. కరువు సీమలో నీడల ఆట:

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. పడమటి కనుమల వాననీడలో ఉండడం వల్ల ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876-78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ధర్మవరం, లేపాక్షి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. సాంస్కృతిక చరిత్ర దృష్ట్యా ఈ ప్రాంతమంతా ఒకే పీఠభూమి కనుక ఈ వ్యాసంలో 'అనంతపురం' అనే పేరు ఆ విస్తృతార్థంలోనే వాడడమైంది.

నిమ్మలకుంటలోని తోలుబొమ్మల కళాకారులు ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడతారు. ఆట మాత్రం తెలుగులో ఆడతారు. మరాఠాల దక్షిణాది విస్తరణ కాలంలో వీరి పూర్వికులు ఈ ప్రాంతాలకు వలస వచ్చి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. కన్నడ సీమలో ఇదే వృత్తివారిని కిల్లేక్యాతలు అంటారు. ఆటలోని హాస్యపాత్ర పేరే కులం పేరుగా స్థిరపడడం గమనించదగిన విషయం. దళవాయి, సిందే వంటి ఇంటిపేర్లు ఈ బహుభాషా నేపథ్యానికి సాక్ష్యాలు. మాతృభాష మరాఠీ, కళాభాష తెలుగు, పొరుగుభాష కన్నడం అయిన ఈ కుటుంబాలు తెలుగు ద్విపదను తరతరాలుగా నోటనే నిలుపుకున్నాయి. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ విషయానికి ఇంకా తగిన స్థానం దక్కలేదు.

తెలుగునాట బొమ్మలాట ప్రాచీనతకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర ముఖ్యమైన ఆధారం. 13వ శతాబ్దం నాటి ఆ కావ్యంలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల శివరాత్రి ఉత్సవాల వర్ణనలో అనేక ఆటపాటలతోపాటు బొమ్మలాట ప్రస్తావన కనిపిస్తుంది. గోన బుద్ధారెడ్డి పేరిట ప్రసిద్ధమైన రంగనాథ రామాయణం ఈ కళాకారులకు ప్రధాన గ్రంథమైంది. ద్విపద పాదం పాడుకోవడానికి వీలైనది. పాదం పాదానికీ ఊపిరి తీసుకొనే చోటు ఉంటుంది. బొమ్మ ఒక అడుగు వేసి ఆగడానికి ఆ విరామం సరిపోతుంది.

లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్ది కుడ్యచిత్రాలకూ ఈ ప్రాంతపు బొమ్మలకూ పోలికలను పలువురు గుర్తించారు. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, కొసదేలిన ముక్కు, చీరలపై దట్టమైన అల్లికలు రెండింటిలోనూ కనిపిస్తాయి. ఆలయపు కప్పుపై కథ పట్టీలుగా సాగుతుంది. చూసేవాడు నడుస్తూ చూస్తే కథ కదులుతుంది. తోలుబొమ్మలాటలో చూసేవాడు కూర్చుంటాడు, కథే అతని ముందుకు నడిచి వస్తుంది.

ఈ సీమలో ఆటకు వానతో ముడి ఉంది. విరాటపర్వం చదివించినా ఆడించినా వానలు కురుస్తాయనే విశ్వాసం తెలుగునాట బలంగా ఉంది. కోతలు ముగిసి గింజలు ఇంటికి చేరాక ఊరివారు బృందాన్ని పిలిపించి ఆడించుకొనేవారు. వానలు ముఖం చాటేస్తే వరుణుని కోసం ఆడించేవారు. కనుక ఈ ఆటకు పోషకుడు ఒక రాజు కాదు, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడూ కాదు. పంట చేతికొచ్చిన ఊరు, పంట కోసం ఎదురుచూసే ఊరు దీనిని పోషించాయి. కరువు వరుసగా కొన్నేళ్లు నిలిస్తే ఆ ఊరికే పిలిచే శక్తి ఉండదు. వానకోసం పుట్టిన పిలుపు వాన లేకనే ఆగిపోయే స్థితి ఏర్పడుతుంది.

4. బొమ్మ నిర్మాణం - కదలిక:

బొమ్మల తయారీకి పూర్వం పాత్రను బట్టి జింక, దుప్పి, మేక చర్మాలు వాడేవారు. ఇప్పుడు మేక చర్మమే వాడుతున్నారు. చర్మాన్ని శుభ్రపరచి, వెలుతురు చొరబడేంత పలుచగా గీకి, ఆరబెట్టి, రూపురేఖలు గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. ఆభరణాలు గీతలుగా కాక రంధ్రాలుగా ఉంటాయి. వెనుక దీపం వెలిగినప్పుడు అవి నగల్లా మెరుస్తాయి. సాధారణ పాత్రకు ఒక చర్మం చాలు. రావణునికి మొండెం, కాళ్లు, రెండువైపుల చేతుల వరుసలు విడివిడిగా చేయవలసి రావడం వల్ల నాలుగు చర్మాల వరకు కావాలి.

చలనం దృష్ట్యా ముఖ్యమైనవి కీళ్లు. భుజాల వద్ద, మోచేతుల వద్ద, నడుము వద్ద, కాళ్ల వద్ద ముక్కలను దారంతో వదులుగా కట్టి కలుపుతారు. బొమ్మ నడుమ నిలువుగా చీల్చిన పుల్ల ఉంటుంది. చేతులను చిన్న పుల్లలతో ఆడిస్తారు. కాళ్లకు సాధారణంగా పుల్లలు ఉండవు, అవి స్వేచ్ఛగా వేలాడతాయి. బొమ్మ నడకను పుట్టించేది చేతివేళ్లు మాత్రమే కాదు. ఆటగాడు కాలికి గజ్జెలు కట్టుకొని తాళానికి అనుగుణంగా తానే అడుగువేస్తాడు. ఆ అడుగు అతని ఒంటి నుంచి చేతికి, చేతి నుంచి నడిమి పుల్లకు, పుల్ల నుంచి బొమ్మ కాళ్లకు చేరుతుంది. బొమ్మ తాళం తప్పకపోవడానికి కారణం ఆడించేవాడి కాళ్లలో తాళం ఉండడమే.

నర్తకి బొమ్మకు కీళ్లు ఎక్కువ. తల, మెడ, నడుము విడివిడిగా కదులుతాయి. ఆట మధ్యలో కథతో సంబంధం లేకపోయినా నర్తకి తెరపైకి వచ్చి ఒక దరువంతా ఆడి వెళ్తుంది. ఆ కొన్ని నిమిషాల్లో కథ ఆగిపోతుంది, మిగిలేది లయ, రంగు, కదలిక మాత్రమే. సంగీత ప్రధాన యానిమేషన్ లఘుచిత్రానికి తోలుబొమ్మలాటలో అత్యంత సమీపమైన ఘట్టం ఇదే.

5. దరువు - బొమ్మ:

ఆట గణపతి, సరస్వతుల ప్రార్థనతో మొదలవుతుంది. పద్యం, ద్విపద, వచనం, దరువు కలగలిసి కథ సాగుతుంది. మద్దెల లేదా మృదంగం, తాళాలు, గజ్జెలు ప్రధాన వాద్యాలు. తరువాతి కాలంలో హార్మోనియం వచ్చి చేరింది. స్త్రీపాత్రల మాటలు, పాటలు బృందంలోని స్త్రీలే పలుకుతారు. బృందమంటే సాధారణంగా ఒక కుటుంబం.

యక్షగానంలో వలెనే ఇక్కడా దరువు పాత్ర స్వభావాన్ని ప్రకటిస్తుంది. రాముని ప్రవేశానికి నిదానమైన నడక, హనుమంతుని ప్రవేశానికి ఉరికే నడక. పాత్ర పేరు చెప్పకముందే మద్దెల దెబ్బను బట్టి ఎవరు వస్తున్నారో ప్రేక్షకులు గ్రహిస్తారు. యుద్ధ ఘట్టాల్లో ఆటగాళ్లు కాళ్ల కింద ఉంచిన చెక్కబల్లలను తొక్కుతారు. రథాల చప్పుడు, గుర్రాల గిట్టల చప్పుడు, గదల తాకిడి ఆ బల్లల నుంచే పుడతాయి. ఇద్దరు ఆటగాళ్లు రెండు బొమ్మలను ఒకదానిపైకి ఒకటి విసురుతున్నప్పుడు బొమ్మ తగిలిన క్షణమే బల్ల మోగుతుంది. తోలుకు తోలు తగిలితే పుట్టే శబ్దం చిన్నది. చెక్క ఇచ్చే శబ్దం పెద్దది. కన్ను చూసిన దెబ్బకు చెవి విన్న బరువు తోడవడంతో అరముంజేతి మందం కూడా లేని బొమ్మ భీమునిలా కనిపిస్తుంది.

బొమ్మను తెరకు ఆనించి ఉంచితే రూపం స్పష్టంగా, రంగులతో కనిపిస్తుంది. తెర నుంచి దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఆముదపు దీపాల కాలంలో ఆ వెలుగు కూడా సన్నగా కదులుతూ ఉండేది. తరువాత పెట్రోమాక్స్ దీపాలు, ఆపై విద్యుద్దీపాలు వచ్చాయి. వెలుగు స్థిరపడినకొద్దీ బొమ్మకు జీవం పోసే బాధ్యత మరింతగా దరువుపై పడింది.

6. సంగీత ప్రధాన యానిమేషన్ లఘుచిత్రాలు:

నీడబొమ్మకూ యానిమేషన్‌కూ ప్రత్యక్షమైన వంతెన కట్టినవారు జర్మనీకి చెందిన లోటే రైనిగర్. ఆమె నల్లని అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్లను తీగతో కలిపి, కింది నుంచి వెలుగు వచ్చే గాజుపలకపై బొమ్మను పరిచి, కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫ్రేమును చిత్రీకరించారు. 1926లో వచ్చిన 'ప్రిన్స్ అఖ్మద్' పూర్తినిడివి యానిమేషన్ చిత్రాల్లో నేటికి లభ్యమవుతున్న వాటిలో తొలిది. 1935లో ఆమె మొజార్ట్ సంగీత నాటకం ఆధారంగా 'పాపగెనో' లఘుచిత్రం చేశారు. కీళ్లబొమ్మ, నీడ, సంగీతం మూడూ కలిసిన ఈ చిత్రం నిర్మాణంలో తోలుబొమ్మకు దగ్గరి చుట్టం. రైనిగర్ బొమ్మలు నల్లని ఆకృతులు. ఆంధ్రుల బొమ్మలు రంగుల నీడలు.

1928 నవంబరు 18న న్యూయార్క్‌లో 'స్టీమ్‌బోట్ విల్లీ' విడుదలైంది. అందులో ఒక మేక సంగీతం రాసిన కాగితాలను తినేస్తుంది. దాని తోకను తిప్పితే నోటి నుంచి పాట వస్తుంది. ఆవు పళ్లు వాద్యమవుతాయి. తెరపై ఉన్న ప్రతి ప్రాణీ, ప్రతి వస్తువూ మోగడానికి సిద్ధంగా ఉండే లోకం అది. 1929లో కార్ల్ స్టాలింగ్ సంగీతంతో వచ్చిన 'ది స్కెలిటన్ డాన్స్'తో 'సిల్లీ సింఫనీస్' అనే 75 చిత్రాల పరంపర మొదలైంది. అస్థిపంజరాలు ఒకదాని వెన్నెముకను మరొకటి వాయిస్తూ ఆడే ఆ చిత్రంలో చెప్పుకోదగిన కథ లేదు. అయినా ప్రేక్షకులు ఆదరించారు.

ఈ చిత్రాల రూపకల్పనలో గణితం ఉంది. శబ్దచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. నిమిషానికి 120 తాళపు దెబ్బలు పడే సంగీతంలో ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు వస్తాయి. పాత్ర అడుగు ప్రతి పన్నెండో ఫ్రేములో నేలకు తాకేలా గీస్తే అడుగు, తాళం కలిసిపోతాయి. విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే చిత్రకారుడు మెట్రోనోమ్ సాయంతో ఈ లెక్కను సాధించారు. సంగీతం ప్రతి కదలికనూ అనుసరించే ఈ పద్ధతికి 'మికీ మౌసింగ్' అనే పేరు స్థిరపడింది. 1940లో 'ఫాంటాసియా'లో శాస్త్రీయ సంగీతమే కథకు ఆధారమైంది. లిస్ట్ స్వరరచన ఆధారంగా టామ్ అండ్ జెర్రీ పరంపరలో వచ్చిన 'ది క్యాట్ కన్సర్టో' ఆస్కార్ బహుమతి పొందింది. 1957లో చక్ జోన్స్ దర్శకత్వంలో వచ్చిన 'వాట్స్ ఒపెరా, డాక్?' వాగ్నర్ సంగీత నాటకాలను సుమారు 7 నిమిషాల హాస్యంగా మార్చింది.

భారతదేశంలో ఫిల్మ్స్ డివిజన్ 1956లో కార్టూన్ విభాగాన్ని ప్రారంభించింది. అక్కడ శిక్షణ ఇచ్చిన క్లెయిర్ వీక్స్ డిస్నీ సంస్థలో పనిచేసినవారు. 1974లో విజయా ములే దర్శకత్వంలో, భీమ్‌సేన్ యానిమేషన్‌తో వచ్చిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' దూరదర్శన్ ద్వారా ఇంటింటికీ చేరింది. హిందీ రాని తెలుగు పిల్లలకు కూడా ఆ పాట, ఆ బొమ్మలు కలిసి గుర్తుండిపోయాయి. పాట లేకుండా బొమ్మ, బొమ్మ లేకుండా పాట గుర్తురాకపోవడమే ఇటువంటి చిత్రాల విజయం.

7. తోలుతెర నుంచి వెండితెరకు:

తోలుబొమ్మలాటకూ తెలుగు సినిమాకూ నడుమ ఉన్న సామాజిక బాటలో ప్రధానమైన మజిలీ సురభి. అనంతపురానికి పొరుగునే ఉన్న కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో సురభి నాటక చరిత్ర మొదలైంది. దానికి ఆద్యులైన వనారస కుటుంబీకులు మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కళాకారులు. వారు బొమ్మను పక్కనపెట్టి తామే తెర ముందుకు వచ్చారు. ఎంచుకొన్న కథ విరాటపర్వంలోనిదే కావడం గమనార్హం. వానకోసం ఆడించే కథే నాటకరంగానికి తొలి కథ అయింది.

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి లీలావతిగా నటించారు. పద్యం పాడుతూ అభినయించగల నటులు టాకీకి అవసరమయ్యారు. ఆ శిక్షణ సురభి వేదికపై ఉంది, దాని వెనుక తోలుబొమ్మల తెర ఉంది. యంత్రం పడమటి నుంచి వచ్చినా, పాటను, కదలికను కలపగల దేహాలు ఇక్కడివే.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో జన్మించిన కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్' చిత్రానికి దర్శకత్వం వహించారు. శశిరేఖా పరిణయ కథ తోలుబొమ్మలాటలోనూ, సురభి వేదికపైనా అప్పటికే జనాదరణ పొందినదే. ఘటోత్కచుని విందు ఘట్టంలో మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణ చమత్కారంతో లడ్డూలు తమంతట తామే లేచి పాత్ర నోట్లోకి వెళ్తాయి. పళ్లేలు కదులుతాయి. పాట లయ, నవ్వు, వస్తువుల కదలిక ఒకదానితో ఒకటి ముడిపడి సాగుతాయి. ఆ పాటను విడిగా తీసి చూస్తే, వస్తువులన్నీ తాళానికి ఆడే యానిమేషన్ లఘుచిత్ర లక్షణాలు చాలావరకు అందులో కనిపిస్తాయి. తెలుగు ప్రేక్షకులకు ఈ మాయ అంత సులభంగా నచ్చడానికి, ఘటోత్కచుడు ఒక్కసారిగా పెద్దవాడై చిన్నవాడయ్యే మాయను వారి ముందుతరాలు తోలుతెరపై చూసి ఉండడం ఒక కారణమని భావించవచ్చు.

8. పోలికలు - భేదాలు:

రెండు కళారూపాల్లోనూ హాస్యానికి పెద్దపీట ఉంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కథలో ఎక్కడైనా చొరబడతారు. రామరావణ యుద్ధం నడుమ కూడా వారి తగవులు, మోటు సరసాలు, చిందులు సాగుతాయి. వారికి పురాణ కాలం లేదు. ఊరి కరణాన్ని, ఆ ఏటి కరువును, ధరలను వారు ప్రస్తావించగలరు. దెబ్బతిన్న కేతిగాడు మరుక్షణమే లేచి ఆడతాడు. కొండ మీదినుంచి పడి నలిగిపోయి కూడా మరుసటి దృశ్యంలో పరుగెత్తే యానిమేషన్ పాత్రకూ ఇదే స్వభావం. ఇద్దరికీ మరణం లేదు, ఎందుకంటే ఇద్దరూ లయతో చేసిన మనుషులు. తాళం ఆగనంతవరకు వారికి హాని లేదు.

స్థానం విషయంలోనూ పోలిక ఉంది. అమెరికా థియేటర్లలో ఈ లఘుచిత్రాలను ప్రధాన చిత్రానికి ముందు చూపేవారు. కేతిగాడి ఘట్టాలు రాత్రంతా సాగే ప్రధాన కథ నడుమ కునుకుపాట్లు పడే ప్రేక్షకులను మేలుకొలుపుతాయి. రెండుచోట్లా చిన్నదే పెద్దదానికంటే ఎక్కువకాలం గుర్తుంటుంది.

భేదాలు కూడా స్పష్టమైనవే. మొదటిది, కాలానికి సంబంధించినది. యానిమేషన్‌లో తాళాన్ని ముందే కొలిచి, ఫ్రేములుగా విడగొట్టి, తిరిగి అతుకుతారు. ఒకసారి అతికిన తరువాత అది మారదు. తోలుబొమ్మలాటలో కొలత ముందుగా లేదు. మద్దెలకారుడు బొమ్మను చూస్తూ వాయిస్తాడు, ఆటగాడు మద్దెలను వింటూ ఆడిస్తాడు. ప్రేక్షకులు నవ్వితే దరువు సాగుతుంది, నిద్రపోతే నడక మారుతుంది. రెండవది, శరీరానికి సంబంధించినది. యానిమేషన్‌లో గీసేవారు, వాయించేవారు, గొంతు ఇచ్చేవారు వేరువేరు. తోలుబొమ్మలాటలో ఆడించేవాడే పాడతాడు, తొక్కుతాడు, మాట్లాడతాడు. మూడవది, ప్రేక్షకులకు సంబంధించినది. యానిమేషన్ చిత్రం ఎవరికైనా ఒకటే. తోలుబొమ్మలాట ఆడే ఊరిని బట్టి మారుతుంది. ఈ మూడవ భేదమే దాని బలం, దాని బలహీనత కూడా. ఊరు చెదిరితే ఆట చెదురుతుంది.

9. దరువు దూరమైన బొమ్మ:

నిమ్మలకుంట నేడు తోలుబొమ్మల తయారీకి ప్రసిద్ధి. ఇక్కడి కళాకారులు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఇంటి దీపాల గుమ్మటాలు, గోడ అలంకరణలు, తలుపు తెరలు తయారుచేసి కుటుంబాలు జీవిస్తున్నాయి. ఈ మార్పును నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. వరుస కరువుల్లో, సినిమా, ఆపై దూరదర్శన్ ఊరి రాత్రులను ఆక్రమించిన కాలంలో, తోలు పనితనం చేతిలో ఉండబట్టే ఈ కుటుంబాలు వృత్తిలో నిలిచాయి. 1987-88లో ప్రతి ఆదివారం ప్రసారమైన రామాయణ ధారావాహికను పల్లెలు గుంపులుగా చూశాయి. ఒకప్పుడు ఊరు డబ్బు పోగుచేసి పిలిపించుకొన్న కథ ఉచితంగా ఇంటికి వచ్చింది.

అయితే ఈ మనుగడలో ఒక అసమతుల్యత ఉంది. గుర్తింపు, అంగడి, ప్రదర్శనశాల మూడూ బొమ్మను వస్తువుగా స్వీకరించాయి. దీపపు గుమ్మటంపై రాముడు వెనుక వెలుగుతో నేటికీ మెరుస్తాడు, కాని అతని కీళ్లు కదలవు. గాజు పెట్టెలో ఉంచిన బొమ్మను చూసినవారు రంగును, అల్లికను మెచ్చుకుంటారు. కాళ్లు ఎందుకు వదులుగా వేలాడుతున్నాయో వారికి తెలియదు. ఆ కాళ్లు దరువుకోసం వేలాడుతున్నాయి. బొమ్మ అమ్ముడవుతుంది, దరువు అమ్ముడవదు. అందువల్ల తరువాతి తరానికి ఉలి అందుతున్నంత సులభంగా మద్దెల అందడం లేదు. వేల పాదాల ద్విపదను కంఠస్థం చేయడానికి పట్టే ఏళ్లకు అంగడిలో ధర లేదు.

యానిమేషన్ చరిత్రతో పోల్చినప్పుడు ఈ నష్టం స్వరూపం మరింత స్పష్టమవుతుంది. 'ది స్కెలిటన్ డాన్స్' నుంచి ధ్వనిని తీసివేసి, అందులోని ఒక ఫ్రేమును గోడకు తగిలిస్తే ఆ చిత్రాన్ని భద్రపరిచినట్లు ఎవరూ భావించరు. తోలుబొమ్మ విషయంలో మాత్రం ఆ పనినే పరిరక్షణగా భావించే ధోరణి కనిపిస్తుంది. సభల్లో, ఉత్సవాల్లో అరగంటకు కుదించిన ప్రదర్శనల్లో యుద్ధఘట్టం, నర్తకి ఘట్టం మిగులుతున్నాయి. రాత్రి పొడవునా సాగే ద్విపద గానం, ఊరి సంగతులు మాట్లాడే కేతిగాడు ముందుగా తొలగిపోతున్నారు.

10. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా కింది అంశాలను గుర్తించవచ్చు.

1. సంగీత ప్రధాన యానిమేషన్ లఘుచిత్రాల ఆకర్షణకు మూలమైన దృశ్య-శ్రవ్య ఏకకాలికత తోలుబొమ్మలాటలో దరువు, గజ్జె, చెక్కబల్లల ద్వారా సిద్ధించింది. ఒకటి కొలతతో, మరొకటి దేహంతో ఆ ఫలితాన్ని సాధించాయి.

2. తోలుబొమ్మ కీళ్ల అమరిక కేవలం శిల్పపరమైనది కాదు, సంగీతపరమైనది. దరువును పరిగణించకుండా బొమ్మ నిర్మాణాన్ని వివరించడం అసంపూర్ణం.

3. తోలుబొమ్మలాట నుంచి సినిమా పుట్టిందనే సాంకేతిక వాదానికి ఆధారాలు లేకపోయినా, సురభి మీదుగా తోలుతెర నుంచి తెలుగు టాకీకి సాగిన సామాజిక పరంపర చారిత్రకంగా గుర్తించదగినది.

4. అనంతపురం కరువు ఈ కళకు పోషకమైన ఊరిని బలహీనపరచింది. ఫలితంగా బొమ్మ సంగీతం నుంచి విడిపోయి వస్తువుగా నిలిచింది.

పూర్తి రాత్రి ప్రదర్శనలను ధ్వనితో సహా నమోదు చేయడం, కళాకారుల నోట ఉన్న ద్విపద పాఠాలను ముద్రిత రంగనాథ రామాయణంతో సరిపోల్చడం, మద్దెల నడకలను తాళ సంకేతాలతో లిఖించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పనులు. వీటికి భారీ వ్యయం అవసరం లేదు. అవసరమైనది కాలం. ఆ పాఠాలు, ఆ నడకలు పూర్తిగా తెలిసినవారు వయసు మళ్లినవారు. వారు ఉండగానే వినవలసిన బాధ్యత పరిశోధకులది.